సేత్తూరు దారికి డైనమో లైటు

మా అమ్మ పుట్టింటివాళ్ళకు ఒక ఆచారం ఉండేది. దీపం పెట్టే వేళకు ఆ ఇంటి మగవాళ్ళు గడప లోపల ఉండాలి. మళ్ళీ తెల్లవారి కోడి కూసేదాకా బయట కాలు పెట్టకూడదు. ఎందుకని అడిగితే అమ్మవారి ఆజ్ఞ అనేవారు. అరవదేశంలో తెలుగువాళ్ళం ఉండే మా రాజపాళయంలో ఇలాంటివి కొత్త కాదు. ఒకరింట్లో గుమ్మడికాయ కొయ్యరు, ఇంకొకరింట్లో మంగళవారం చీపురు పట్టరు, మరొకరింట్లో కొత్త కోడలు ఏడాది దాకా ఊరగాయ జాడీ ముట్టదు. ఎవరి పిచ్చి వారికి ఆనందం. మా అమ్మ మంసాపురం నుంచి కాపరానికి వస్తూ ఈ ఆచారాన్ని కూడా చీరెల పెట్టెలో పెట్టుకుని తెచ్చింది. మా నాయన నాకు ఐదేళ్ళప్పుడే పోయాడు. ఆ తరవాత ఇంట్లో ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు, నేను తప్ప.

మేము ఇద్దరం అన్నదమ్ములం. అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. నేను పదేళ్ళకే ఆ ఆచారాన్ని తుంగలో తొక్కాను. పక్క వీధిలో కూత్తు, అదే వీధినాటకం, ఆడుతుంటే దీపాలు పెట్టాక గోడ దూకి పోయి చూసి వచ్చాను. అమ్మ తిట్టింది గాని ఆ తిట్టులో పస లేదు. రెండోసారి పోతే అదీ లేదు. అన్న విషయంలో మాత్రం అలా కాదు. మా ఊరికి పడమటి దిక్కున కొండ ఉంది కాబట్టి పొద్దు తన వేళకు ముందే దాని వెనక దిగిపోతుంది. అలా దిగిందో లేదో అమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడేది. అన్న లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఆ మనిషి కదిలేది కాదు.

నాకు ఒళ్ళు మండేది. పెద్దకొడుకు కొడుకు, చిన్నకొడుకు గాలికి పోయే చెత్త అన్నమాట, అనుకునేవాణ్ణి. ఇంట్లో మాంసం వండిన రోజున కార్జం ముక్కలు మొత్తం అన్న ఆకులోకే పోయేవి. నాకు ఎముకలు వచ్చేవి. వారానికి మూడు రోజులు అన్నకు విడిగా మునగాకు వేపుడు చేసేది. మునగాకు నాకు ఇష్టం లేదు. అయినా నాకు పెట్టలేదని కోపం వచ్చేది. ఇరవై ఏళ్ళు దాటాక కూడా ఆ కోపం చిన్నపిల్లవాడిలాగే నాలో కూర్చుని ఉండేది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

రెండో ప్రపంచయుద్ధం రావడానికి ఒకటి రెండేళ్ళ ముందు సంగతి. నేను ఊళ్ళో కొత్తగా వచ్చిన నూలు మిల్లులో ఫిట్టరు పని నేర్చుకుని వర్క్‌షాపులో కుదిరాను. మర ఎటు తిప్పితే బిగుస్తుందో తెలిసినవాడికి లోకంలో తెలియనిది లేదనుకునే వయసు అది. అన్నకు మరలు తెలియవు, పత్తి తెలుసు. గుప్పెడు పత్తి తీసుకుని రెండు బొటనవేళ్ళ మధ్య పింజె లాగి, వేళ్ళతో తడిమి, ఇది ఏ నేల పత్తో, ఎన్నో ఏరుడుదో చెప్పేవాడు. ఆ పేరు విని సేత్తూరులో పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ ఏజెంటు పిలిపించి, బళ్ళ మీద వచ్చే పత్తిని చూసి రకం చెప్పే ఉద్యోగం ఇచ్చాడు. మా ఇంట్లో పొలం తప్ప ఇంకో పని చేసిన మొదటి మనిషి నేనైతే, కుర్చీలో కూర్చుని పని చేసిన మొదటి మనిషి అన్న. ఆ రోజు అన్న నవ్వినంతగా ఎన్నడూ నవ్వలేదు. ఉద్యోగం కోసమే సైకిలు కొన్నాడు. దాన్ని రోజూ తుడిచి, చిన్న గీత పడినా బాధపడేవాడు.

సేత్తూరు మా ఊరికి ఐదు మైళ్ళు. మొదటి రోజుల్లో సాయంత్రం ఐదింటికే బయలుదేరి వెలుగుండగా ఇల్లు చేరేవాడు. శివరాత్రి పడే మాసి నెల వచ్చి పత్తి బళ్ళు ఎక్కువయ్యాక ఏజెంటు ఖచ్చితంగా చెప్పేశాడు. చివరి బండి దిగేదాకా ఉండాలి, ఉండలేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను అని. చివరి బండి దిగేసరికి ఏడు దాటుతుంది. అన్న ఆ మాట ఇంట్లో చెప్పి అన్నం కలుపుతూ కూర్చున్నాడు, ముద్ద ఎత్తలేదు.

"పనిని విడిచిపెట్టు," అంది అమ్మ.

"ఎందుకు విడిచిపెట్టాల?" అన్నాను నేను.

"మన ఇంట్లో ఆచారం ఉండాది కదా."

"నీ ఆచారానికి ఏమి కావాల, వెలుగే కదా? మదురైలో డైనమో లైటు అమ్ముతాండారు. చక్రం తిరిగితే చాలు, నూనె వద్దు, వత్తి వద్దు, గాలికి ఆరదు. మీ అమ్మవారికి అరవంలో ఒక జాబు రాయి, ఇకమీద కరెంటు వెలుగు వచ్చినాది, మగోళ్ళను కొంజెం బయటికి వదలమని."

అన్న నవ్వలేదు. అమ్మ లేచి గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. నేను గెలిచాననుకున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాణ్ణి నేను. అప్పుడు నాకు ఎదురుగా ఉన్న ఇద్దరికీ తెలిసిన విషయం నాకు ఒక్కడికే తెలియదని నాకు తోచలేదు.

మదురై పోయి డైనమో సెట్టు తెచ్చాను. అట్టపెట్టెలో చిన్న సీసా అంత డైనమో, గుండ్రటి లైటు, చుట్ట చుట్టిన తీగ. ఆదివారం పొద్దున వాకిట్లో సైకిలు నిలబెట్టి పని మొదలుపెట్టాను. అన్న హ్యాండిలు పట్టుకుని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

డైనమోను ముందు ఫోర్కుకు ఎడమవైపు బిగించాలి. ఎలాగంటే అలా బిగిస్తే కుదరదు. దాని నెత్తిన ఉన్న చిన్న చక్రం టైరు పక్కగోడకు సరిగ్గా ఆనాలి. డైనమో నడిమి గీతను సాగదీస్తే అది సైకిలు చక్రం నడిబొడ్డులోకి పోవాలి. లేకపోతే రబ్బరు అరిగిపోతుంది, లైటు మినుకుమినుకుమంటుంది. అమ్మ పూలు కట్టే దారం తీసుకుని చక్రం నడిబొడ్డున ఉన్న హబ్బు నుంచి పైకి లాగి పట్టి చూసుకుంటూ, అరకాసంత ఇటు, అరకాసంత అటు జరిపాను. ఆ పని చేస్తుంటే నాకు గుడిలో ఉన్నట్టనిపించింది. చేతిలోంచి చిన్న వాషరు జారి అన్న కాలి పక్కనే పడింది. తియ్యమన్నాను. అన్న నేల మీద అరచెయ్యి పెట్టి ముందంతా తడిమాడు, పక్కన తడమలేదు.

"కండ్లు నెత్తికెక్కినాయా, కాలి పక్కనే ఉండాది చూడు," అన్నాను.

"ఔను కదా," అని తీసి ఇచ్చాడు.

అంతా బిగించి చక్రం ఎత్తి తిప్పితే లైటు వెలగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. కాసేపు తీగ పీకి, బల్బు విప్పి, మళ్ళీ పెట్టి, అప్పుడు గాని గుర్తుకు రాలేదు. ఈ లైటుకు ఒకటే తీగ. డైనమో నుంచి లైటుకు పోయిన కరెంటు తిరిగి రావడానికి సైకిలు ఇనుమే దారి. మధ్యలో రంగు అడ్డం ఉంటే దారి మూసుకుపోతుంది. క్లాంపు కింద ఫోర్కు మీద రంగును ఇనుము తేలేదాకా గీకెయ్యాలి.

"రంగు గీకాల, అన్నా."

అన్న తన సైకిలు వంక చూశాడు. "గీకు. పరవాయిల్లే," అన్నాడు.

గరుకు కాగితంతో గీకాను. నల్ల రంగు పొడి రాలింది, లోపల ఇనుము తెల్లగా తేలింది. మళ్ళీ బిగించి చక్రం తిప్పగానే డైనమో గుర్రుమంది, లైటు వెలిగింది. పట్టపగలు కూడా ఆ వెలుగు గోడ మీద పసుప్పచ్చగా పడింది. నేను కేక వేశాను. పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. అన్న నా వీపు తట్టి, "కెట్టివాడివిరా," అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ ఒక్క మాట కోసమే బతికినట్టనిపించింది నాకు.

ఆ సాయంత్రం మొదట నేనే ఎక్కి ఊరి బయటిదాకా పోయి వచ్చాను. దారి మీద రాయి, గుంట, కుక్క, అన్నీ ముందే కనిపించాయి. తరవాత అన్నను మా వీధిలో ఆ కొస నుంచి ఈ కొస దాకా తొక్కమన్నాను. తొక్కి వచ్చి దిగాడు.

"ఎట్లుండాది?"

"పగలు మాదిరి ఉండాదిరా," అన్నాడు.

మర్నాటి నుంచి అన్న చివరి బండి దిగేదాకా ఉండి వచ్చేవాడు. నేను మిల్లు నుంచి ఆరింటికే వచ్చి, స్నానం చేసి, అరుగు మీద కూర్చుని వీధి మొన వైపు చూస్తుండేవాణ్ణి. మొదట గుర్రుమనే చప్పుడు వినిపించేది, తరవాత వెలుగు మలుపు తిరిగేది. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు అదిగో వస్తున్నాడనేవారు. నేను బిగించిన లైటు అది. అమ్మ మాత్రం ఎప్పటిలా వాకిట్లోనే నిలబడి ఉండేది. ఇంకా ఎందుకు నిలబడతావని ఒకటి రెండుసార్లు ఎగతాళి చేశాను. వీధి మొన వైపే చూసేది.

రెండో రోజు నుంచే అన్న రావడం ఆలస్యమైంది. ఎనిమిదింటికి రావలసినవాడు తొమ్మిదికి, తొమ్మిదిన్నరకు వచ్చేవాడు. పని ఎక్కువ అనేవాడు. ఒకరోజు మోకాలు చెక్కుకుపోయి వచ్చాడు. కుక్క అడ్డం వచ్చింది అన్నాడు. ఇంకోరోజు అరచేతులు గీసుకుపోయాయి. నేను లైటును తప్పుపట్టాను. వెలుగు మరీ దూరంగా పడుతోందేమో అని కిందికి వంచాను. మరీ దగ్గరైందేమో అని కొంచెం పైకెత్తాను. "ఇప్పుడు సరిగ్గా ఉండాదా?" అని అడిగితే ప్రతిసారీ "ఇప్పుడు సరిగ్గా ఉండాది," అనేవాడు. ఏ మార్పు చేసినా అదే జవాబు. మనిషికి బుద్ధుంటే ఆ జవాబులోనే అర్థం కావాలి. నాకు కాలేదు. బల్బు బలం చాలలేదని తేల్చుకుని, మదురై పోతున్న ఒక మేస్త్రీతో ఇంకా మంచి బల్బు తెప్పించాను.

ఆ బల్బు చేతికి వచ్చిన రోజు ఇంటికి వచ్చేదాకా ఆగలేకపోయాను. దారిలోనే మార్చేద్దామని ఎనిమిది గంటలప్పుడు సేత్తూరు రోడ్డు పట్టి నడిచాను. ఊరు దాటి ఒక మైలు పోయేసరికి ఊరి వెలుగులు పోయి చీకటి చిక్కబడింది. ఎదురుగా జిన్నింగు ఫ్యాక్టరీ నుంచి మిల్లుకు దూది తోలుకొచ్చే ఎడ్లబళ్ళు వరుసగా వస్తున్నాయి. ఒక్కొక్క బండి కింద ఒక్కొక్క లాంతరు ఊగుతోంది. గుర్రుమనే చప్పుడు వినిపిస్తుందేమో, వెలుగు కనిపిస్తుందేమో అని చూస్తూ ఒక పక్కకు నిలబడ్డాను. రెండు బళ్ళు దాటిపోయాయి. మూడో బండి వెనక ఒక మనిషి నడుస్తున్నాడు. ఒక చేత్తో సైకిలు తోసుకుంటూ, రెండో చేత్తో బండి వెనక చెక్కను పట్టుకుని, తల కొంచెం వంచి, ప్రతి అడుగూ నేలను అడిగి వేస్తున్నాడు. లైటు వెలగడం లేదు. నా పక్కనుంచే, రెండు మూరల దూరంలో, నన్ను చూడకుండా దాటిపోయాడు.

"అన్నా," అన్నాను.

చెయ్యి బండిని వదిలేసింది. అక్కడే నిలబడిపోయాడు. నేనున్న వైపు కాక ఇంకోవైపు తిరిగాడు.

"ఎందుకు నడుస్తాండావు? లైటుకు ఏమి అయినాది?"

"ఏమీ కాలేదురా."

నేను వినలేదు. సైకిలు లాక్కుని, డైనమోను టైరు మీదికి దించి, ముందు చక్రం ఎత్తి చేత్తో తిప్పాను. వెలిగింది. రోడ్డు మీద వెలుగు చక్కగా పడింది. ఏ లోపమూ లేదు.

"బాగానే వెలుగుతాంది కదా. మరి ఎందుకు తొక్కలేదు?"

అన్న చెయ్యి చాపి లైటును తడిమాడు. బళ్ళు దూరమయ్యాయి.

"వెలుగు కానవస్తాది," అన్నాడు. "వెలుగు పడిన చోటు కానరాదు. నీ లైటు నాకు రూపాయంత కానవస్తాది. దాని చుట్టూ ఏమీ లేదు. రాయి లేదు, దారి లేదు, ఎద్దు లేదు. మొదటి దినమే కాలవలో పడినాను. రెండో దినం నుంచి బళ్ళ వెనక నడిచి వస్తాండా."

"మన వీధిలో తొక్కుకుని వస్తావు కదా, దినామూ చూస్తాండా కదా?"

"మలుపు దగ్గర ఎక్కుతాను. ఆ వీధి నాకు కండ్లు మూసుకున్నా తెలుసు. నువ్వు అరుగు మీద కూర్చోని ఉంటావని."

నాకు కోపం వచ్చింది. ఏడుపు రావలసిన చోట నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది, అది నా పుట్టుక. ఆ రోడ్డు మీద నిలబడి అన్నను నోటికొచ్చినట్టు తిట్టాను. నెల రోజులుగా అబద్ధాలు చెప్పావని, నన్ను వెర్రివాణ్ణి చేశావని, ఐదు మైళ్ళు నడిచి చచ్చేదానికి ఈ లైటు ఎందుకని అరిచాను. అన్న తల వంచుకుని అంతా విన్నాడు. చివరికి ఒకటే అన్నాడు.

"అంత ఆశగా బిగించినావు కదరా. ఎట్ల చెప్పేది?"

జేబులో కొత్త బల్బు ఉంది. దాన్ని తియ్యలేదు. అన్నను క్యారియరు మీద కూర్చోబెట్టుకుని నేను తొక్కాను. అన్న నా చొక్కాను రెండు చేతులా పట్టుకున్నాడు. దారిలో తనంతట తానే చెప్పాడు. చిన్నప్పుడు చీకటంటే అందరికీ అంతేనేమో, చీకటి పడితే ఎవరికీ ఏమీ కనిపించదేమో అనుకున్నాడట. నేను పదేళ్ళవాణ్ణి రాత్రి గోడ దూకి కూత్తు చూసి వచ్చిన రోజున తెలిసిందట, తనకు మాత్రమే అలా అని. ఇప్పుడు ఫ్యాక్టరీలో కూడా లాంతర్లు పెట్టాక మనుషుల్ని గొంతు బట్టి పోల్చుకుంటున్నానని, మొన్న మర బెల్టు పక్కన స్తంభమనుకుని చెయ్యి పెట్టబోయానని చెప్పాడు.

మేము ఇద్దరం ఒకే సైకిలు మీద రావడం అమ్మ వాకిట్లోంచి చూసింది. ఇద్దరికీ అన్నం పెట్టింది.

మర్నాడు పొద్దున అన్న ఇంకా లేవకముందు అమ్మ మునగాకు దూస్తూ కూర్చుంది. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. అడగకుండానే చెప్పింది.

"మా అన్నకు ఇట్లనే ఉన్న్యాది. మా తాతకు గూడా. మా ఇంటి ఆడోళ్ళకు రాదు, మా కడుపున పుట్టిన మగబిడ్డల్లో కొందరికి వస్తాది. జబ్బు అంటే పిల్లను ఎవరిస్తారు, పిల్లను ఎవరు చేసుకుంటారు? అందుకని మా పెద్దోళ్ళు దాన్ని అమ్మవారి మీద పెట్టి ఆచారం చేసినారు. నన్ను గూడా అట్లనే మీ నాయనకు ఇచ్చినారు."

"మరి నన్ను ఎందుకు వదిలినావు?"

"నీకు రెండేండ్లప్పుడు పొద్దుగూకినాక ఇక్కడే, ఈ వాకిట్లో, మురుకు దొర్లించినాను. పరిగెత్తిపోయి పట్టుకున్న్యావు. ఆ వయసప్పుడు మీ అన్నకు గూడా అట్లనే దొర్లించినాను." అమ్మ ఆకు దూయడం ఆపలేదు. "వాడు నేలంతా తడిమినాడు. నువ్వు మురుకు పట్టుకున్న దినం నేను గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చినాను."

కార్జం కంటికి మంచిదని ఎవరో వైద్యుడు చెప్పాడట. మునగాకు కూడా. ఇరవై ఏళ్ళుగా నేను పళ్ళు నూరుకున్న ఆ రెండు కూరలూ మందులు. నాకు మందు అక్కర లేదని ఆమె దేవుడికి దండం పెట్టుకుంటూ ఉంటే, నాకు పెట్టలేదని నేను ఏడ్చాను.

"తెలిసి తెలిసి సేత్తూరుకు ఎట్ల పంపినావు?"

"వాడు నా కాళ్ళు పట్టుకున్న్యాడు. ఒక్క సీజను పోతానమ్మా, తమ్ముడు అంత ఆశగా చేసినాడు, నేను చూసుకుంటాను అన్న్యాడు. ఇరవై తొమ్మిదేండ్ల బిడ్డ కాళ్ళు పట్టుకుంటే నేనేమి చేసేది."

కాసేపయ్యాక గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. మా మామకు చీకటి ఒక్కటే కాదు, తరవాత పగలు కూడా పోయిందని. అమ్మవారు పోసి కళ్ళు పోయాయని ఊరికి చెప్పుకున్నారట. మా అన్నకు మూడేళ్ళప్పుడు ఆయన చనిపోయాడు. అందుకని మాకు తెలియదు. ఆయనకు పగలు పోయింది ముప్పై రెండో ఏట.

"వాడికి ఈ మాట తెలీదు," అంది. చెప్పమనీ అనలేదు, చెప్పవద్దనీ అనలేదు.

ఆ రోజు అన్న ఉద్యోగం మానేస్తానన్నాడు. రోజూ సాయంత్రం నేను వచ్చి తీసుకువస్తానన్నాను. ఫ్యాక్టరీలో మర బెల్టు దగ్గర నా చెయ్యి ఎవరు పట్టుకుంటారు అన్నాడు. ఏజెంటుకు ఉన్నమాట చెప్పి పగటిపూట పని అడుగుదామన్నాను.

"నా కండ్ల మాట ఊర్లో పడితే నీకు పిల్లనెవరిస్తారురా?" అన్నాడు. తనకు పెళ్ళి వద్దని అన్న ఎప్పుడో చెప్పేశాడు, అమ్మ నాకు సంబంధాలు చూస్తోంది అప్పటికి.

నేను మిల్లుకు సెలవు పెట్టి అన్నతో సేత్తూరు పోయాను. ఏజెంటు విరుదునగరు వైపు మనిషి, అరవం మాట్లాడేవాడు, చెడ్డవాడేమీ కాదు. కాటా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అన్న చేతులు కట్టుకుని, మా ఇంట్లో ఒక ఆచారం ఉందని, దీపం పెట్టాక మగవాళ్ళు బయట ఉండకూడదని, ఇన్నాళ్ళు తప్పు చేశానని, ఇక రాలేనని చెప్పాడు. ఏజెంటు మొదట నమ్మలేదు. ఎక్కడైనా ఎక్కువ జీతం వచ్చిందా అని అడిగాడు. ఇలాంటి చెయ్యి నాకు మళ్ళీ దొరకదని బతిమాలాడు. తరవాత సైకిలు వంక చూసి నవ్వాడు.

"డైనమో లైటు పెట్టుకున్నావు కదయ్యా. మీ దేవతకు ఆ వెలుగు చాలలేదా?" అన్నాడు. నావైపు తిరిగాడు. "నువ్వు మిల్లులో మరలు చూసే పిల్లవాడివి. నువ్వు కూడా ఇవన్నీ నమ్ముతావా?"

అన్న నావైపు చూడలేదు.

"నమ్ముతానండి," అన్నాను. "మా అమ్మవారి ఆజ్ఞ అండి. దాటితే ఇంటికి మంచిది కాదు."

ఈ కాలంలో కూడా ఇంత మూఢులా అని ఏజెంటు తల ఊపాడు. కాటా దగ్గర ఉన్న కూలీలు నవ్వారు. అన్న అందరికీ నమస్కారం పెట్టి, పోతూ పోతూ పక్కనున్న కుప్పలోంచి గుప్పెడు పత్తి తీసి, వేళ్ళతో లాగి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

మధ్యాహ్నం ఎండ. రోడ్డు మీద రాయి రాయి కనిపిస్తోంది. అన్న తానే తొక్కుతానన్నాడు, నేను వెనక కూర్చున్నాను. గుంటలు తప్పిస్తూ చక్కగా తొక్కుతున్నాడు. డైనమో టైరుకు తగలకుండా పైకెత్తి ఉంది. సగం దారి వచ్చాక వెనక్కి తిరగకుండా అడిగాడు.

"మామకు గూడా ఇట్లనే ఉన్న్యాదని అమ్మ నీకు చెప్పినాదా?"

"చెప్పినాది."

"పగలు బాగా కానవచ్చేదంటనా ఆయనకు?"

"బాగా కానవచ్చేదంట. పోయేదాకా."

అన్న ఇంకో గుంట తప్పించాడు.

"సరి. అయితే పరవాయిల్లే," అన్నాడు. "పగలు ఉంటే చాలు. ఇంకేమైనా చేసుకుంటాను."

ఔనన్నాను. మామకు పగలు పోయిన వయసుకు అన్నకు ఇంక మూడేళ్ళే ఉన్నాయని నాకు తెలుసు. అన్న చొక్కా పట్టుకుని ఇంటిదాకా అలాగే కూర్చున్నాను.